ఫైలు పేరు చూస్తే చాలదు, లోపలి బైట్లు చూడటం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా మీ విద్యా పేజీలో అభ్యర్థులకు జాగ్రత్తలు వేస్తుంటారు. ఫొటో జేపీజీలో ఉండాలి, ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చేయాలి అని. అవన్నీ పాటించిన పిల్లలే చివరి తేదీ సాయంత్రం మా నెట్ సెంటర్‌కి పరుగెత్తుకొస్తారు. మాది చిక్కడపల్లి, సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర. లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా చదువుకునేవాళ్లు, అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ హాస్టళ్లలో ఉండేవాళ్లు, ఎక్కువగా జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. "అక్కా, ఎన్నిసార్లు పెట్టినా తీస్కుంటలేదు" అని ఫోన్ నా చేతిలో పెడతారు. తెర మీద ఎర్రగా 'ఇన్‌వాలిడ్ ఫైల్ ఫార్మాట్' అని ఉంటుంది. ఎందుకు ఇన్‌వాలిడ్, మరి వీళ్లు పెట్టింది ఏ ఫార్మాట్ అన్నది ఎక్కడా ఉండదు. ఫైలు పేరు చివర మాత్రం శుభ్రంగా డాట్ జేపీజీ అనే ఉంటుంది.

మా సెంటర్లో ఒక పాత కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు ఉబుంటు అనే లినక్స్ వేసి ఉంచాను. ఇలాంటి ఫైలు రాగానే దాన్ని అందులో పెట్టి, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, హెక్స్‌డంప్ అని కొట్టి, మైనస్ పెద్ద సి, ఆ తర్వాత ఫైలు పేరు ఇస్తాను. వెనకాల నిలువు గీత పెట్టి హెడ్ అని చేరిస్తే మొదటి 10 వరుసలే వస్తాయి. వరుసకు 16 బైట్లు, అంటే ఫైలంతా ఏ చిన్న చిన్న సంఖ్యలతో తయారవుతుందో అవి. ఎడమ అంచున ఆ వరుస ఫైల్లో ఎన్నో బైటు దగ్గర మొదలైందో ఉంటుంది. మధ్యలో ఒక్కో బైటుకి రెండేసి హెక్స్ అంకెలు, అంటే 0 నుంచి 9, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా 16 గుర్తులతో రాసేవి. కుడివైపు రెండు నిలువు గీతల మధ్య అవే బైట్లు అక్షరాలుగా కనిపిస్తాయి, అక్షరంగా చూపించలేని బైటు ఉన్నచోట చుక్క పడుతుంది.

నిజమైన జేపీజీ ఎప్పుడూ ఎఫ్‌ఎఫ్ డి8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది. పీఎన్‌జీ అయితే 89 50 4ఇ 47. పీడీఎఫ్ అయితే 25 50 44 46, కుడివైపు చూస్తే శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలు. ఫైలు పేరుని ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు కానీ, ఈ బైట్లు ఆ ఫైలుని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ రాసినవి. పేరు మారిస్తే ఇవి మారవు.

నల్గొండ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక తమ్ముడి ఫొటో ఇలాగే చూశాను. మొదటి 4 బైట్లు వదిలేస్తే ఆ తర్వాత 66 74 79 70 68 65 69 63 అని ఉంది. కుడివైపు అవే ఎఫ్, టి, వై, పి, హెచ్, ఇ, ఐ, సి అని చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో కనిపించాయి. అది ఐఫోన్ ఫొటో. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఫొటోలు దాస్తాయి. తన దగ్గర మంచి కెమెరా లేదని రూమ్మేట్ ఐఫోన్‌తో తీయించుకున్నాడు. సైట్ జేపీజీయే కావాలంటే పేరు చివర జేపీజీ అని మార్చేయమని ఇంకెవరో చెప్పారు. ఫోన్‌లో చక్కగా కనిపిస్తోంది కదా అని అతని వాదన. చాలా ఫోన్లు పేరు పట్టించుకోకుండా లోపలి బైట్లు చూసి ఫొటో తెరుస్తాయి, అందుకే కనిపిస్తోంది. అవే బైట్లు చూసి సైట్ వద్దంటోంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టి మళ్లీ ఫొటో తీస్తే నేరుగా జేపీజీయే వస్తుంది. గూగుల్ క్రోమ్‌లో ఏదైనా బొమ్మని సేవ్ చేసినప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంటుంది. అది వెబ్‌పీ అయి ఉంటుంది. మొదటి 4 బైట్లు 52 49 46 46, ఆ తర్వాత ఫైలు సైజు చెప్పే 4 బైట్లు, తర్వాత 57 45 42 50.

ఇంత చిన్న విషయానికి పేపరుకి ఉత్తరం ఎందుకంటారేమో. కారణం తెలియక ఈ పిల్లలు చేస్తున్న పని చూస్తే నాకు భయం వేస్తుంది కాబట్టి. 'జేపీజీగా మార్చండి' అని గూగుల్‌లో కొట్టి, పైన ఏ సైట్ వస్తే అందులోకి ఫొటో, సంతకం, ఆధార్, టెన్త్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ఎక్కించేస్తున్నారు. ఆ సైట్ ఎవరిదో, ఆ కాగితాలు ఏ దేశంలో ఏ కంప్యూటర్‌లో ఉండిపోతాయో ఎవరికీ తెలియదు. ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ, సంతకం మూడూ ఒకేచోట దొరికితే మోసగాళ్లకు ఇంకేం కావాలి? కమాండ్ లైన్‌లో చూసుకుంటే ఫైలు మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు. చూడటం వల్ల ఫైల్లో ఒక్క బైటు కూడా మారదు. ఇంటర్నెట్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అమ్మానాన్నలు పంపిన డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టుకుంటూ చదివే పిల్లలకి ఇది చెప్పేవాళ్లే లేరు.

చదువుకున్నారు కదా అంటే, అవును, చదువుకున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బీకాం కంప్యూటర్స్ వాళ్లు, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లు, బీటెక్ వాళ్లు కూడా ఉన్నారు. 255ని హెక్సాడెసిమల్‌లో రాయమంటే 16తో భాగించి టకటకా ఎఫ్‌ఎఫ్ అని రాసేస్తారు. పరీక్షలో మార్కుల కోసం నేర్చుకున్నారు. ఆ ఎఫ్‌ఎఫ్ తమ జేబులో ఉన్న ప్రతి జేపీజీ ఫొటోలో మొట్టమొదటి బైటు అని మాత్రం ఎవరూ చూపించలేదు. నోట్‌బుక్‌లో భాగహారాలు, ల్యాబ్‌లో వర్డ్, ఎక్సెల్. ఈ రెండింటినీ కలిపే అరగంట ఏ ప్రాక్టికల్ రికార్డులోనూ నాకు కనిపించలేదు. నాకు అన్నిటికన్నా బాధగా ఉండేది ఇక్కడే.

మా నాన్నగారు ఈసీఐఎల్‌లో పనిచేసేవారు. 1967లో పెట్టిన ఆ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. 12 బిట్ల మిషన్, బిట్ అంటే ఒక్క 0 లేదా 1. 12 బిట్లని మూడేసి చొప్పున విడదీస్తే సరిగ్గా 4 ఆక్టల్ అంకెలు (0 నుంచి 7 దాకా ఉండేవి) అవుతాయి, అందుకని ఆ రోజుల్లో ఆక్టల్‌లోనే చదివేవాళ్లమని చెప్పేవారు. తర్వాత బైటు అంటే 8 బిట్లు అని అంతటా స్థిరపడిపోయింది. 8ని మూడేసిగా విడదీస్తే మిగిలిపోతుంది, నాలుగేసిగా విడదీస్తే సరిగ్గా రెండు ముక్కలవుతాయి. నాలుగు బిట్లకి ఒక హెక్స్ అంకె, బైటుకి రెండు. ఇలా నాన్నగారు ఒక పాత కవరు వెనకాల గీసి చూపించాక హెక్స్ ఎందుకు వాడతారన్న ప్రశ్న నాకు మళ్లీ రాలేదు. ఆ చరిత్ర కమాండ్లలో ఇప్పటికీ ఉంది. 1971 నాటి మొట్టమొదటి యూనిక్స్‌లోనే ఓడి అనే కమాండ్ ఉండేది, ఆక్టల్ డంప్ అని దాని అర్థం. ఇవాళ్టి లినక్స్‌లో ఓడి అని ఉత్తినే కొడితే ఇప్పటికీ ఆక్టల్‌లోనే చూపిస్తుంది. హెక్స్ కావాలంటే మైనస్ చిన్న టి పెట్టి ఎక్స్1జెడ్ అని అడగాలి. చివరి జెడ్ పెడితేనే కుడివైపు అక్షరాలు వస్తాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది, మీ పాఠకుల్లో లెక్చరర్లు ఉంటే దయచేసి ఇది ముందే చెప్పండి. హెక్స్‌డంప్‌కి మైనస్ పెద్ద సి పెట్టకుండా పీడీఎఫ్‌ని చూస్తే 25 50 44 46 అని రావాల్సింది 5025 4644 అని వస్తుంది. ఫైలు పాడైపోయిందని కంగారు పడతారు. పాడవలేదు. మైనస్ పెద్ద సి లేకపోతే ఆ కమాండ్ రెండేసి బైట్లని కలిపి ఒక సంఖ్యగా చదువుతుంది. మన ఇంటెల్ ప్రాసెసర్లు సంఖ్యలో చిన్న భాగాన్ని ముందు, పెద్ద భాగాన్ని తర్వాత దాచుకుంటాయి కాబట్టి చదివేటప్పుడు రెండూ తారుమారుగా కనిపిస్తాయి. ఎక్స్‌ఎక్స్‌డి అనే కమాండ్‌తో ఈ తంటా లేదు, బైట్లని ఉన్న వరుసలోనే చూపిస్తుంది. అది విమ్ ఎడిటర్‌తో పాటు వస్తుంది. మైనస్ ఎల్ 16 అంటే 16 బైట్లు చూపించి ఆగిపోతుంది, ఫొటోలకి అది చాలు. విండోస్ 10 నుంచి పవర్‌షెల్‌లో ఫార్మాట్-హెక్స్ ఉంది. ఉబుంటు లేనివాళ్లు దాన్నే వాడుకోవచ్చు. పెద్ద ఫైలైతే తెర ఆగకుండా పరుగెడుతుంది, కంట్రోల్ సి కొట్టి పైకి జరిపి చూసుకోవాలి.

ఉబుంటులో ఫైల్ అనే కమాండ్ కూడా ఉంది, అది ఈ బైట్లు తనే చూసి ఇది జేపీజీ, ఇది పీడీఎఫ్ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. మరి హెక్స్ ఎందుకని ఒక విద్యార్థి అడిగాడు, మంచి ప్రశ్నే. ఫైలు రకం తెలిస్తే చాలనుకున్నప్పుడు నేనూ అదే వాడతాను. కానీ మొదలు బాగానే ఉండి మధ్యలో, చివర్లో చెడిన ఫైళ్ల సంగతి అది పట్టుకోలేకపోవచ్చు. పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి రోడ్డు పక్కన కొన్న పెన్‌డ్రైవ్‌లో థీసిస్ పెట్టుకుంది. సైజు సరిగ్గానే చూపిస్తోంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. డేటా రికవరీకి ఇస్తే వస్తుందా అని ఏడుపు ముఖంతో అడిగింది. హెక్స్‌డంప్‌లో చూస్తే ఒక వరుస నిండా సున్నాలు, దాని కింద ఒక నక్షత్రం గుర్తు, దాని కింద ఫైలు పొడవు. అంతే. పై వరుసే చివరిదాకా మళ్లీ మళ్లీ ఉందని ఆ నక్షత్రానికి అర్థం. అంటే థీసిస్ ఆ ఫైల్లో లేనే లేదు, సైజు మాత్రమే ఉంది. ఆ ఫైలు మీద ఒక్క రూపాయి కూడా తగలేయొద్దని చెప్పి, గైడ్‌కి మెయిల్ చేసిన పాత కాపీలు వెతకమన్నాను. చాలా అధ్యాయాలు అందులో దొరికాయి.

హాల్ టికెట్ల రోజుల్లో ఇంకో రకం చూస్తాను. అందరూ ఒక్కసారే సైట్ మీద పడతారు. డౌన్‌లోడ్ అవుతుంది, పేరు చివర పీడీఎఫ్ అనే ఉంటుంది, తెరవబోతే ఫైలు పాడైందంటుంది. పిల్లలు ఫోన్‌ని తిట్టుకుంటారు, పీడీఎఫ్ యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు, రేపే పరీక్ష అని టెన్షన్ పడతారు. మొదటి బైట్లు చూస్తే 25 50 అని ఉండదు, 3సి 68 74 6డి 6సి అని ఉంటుంది. అది వెబ్ పేజీ మొదలు. కుడివైపు కిందికి చదువుకుంటూ పోతే సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి అనే ఇంగ్లీష్ వాక్యం స్పష్టంగా దొరుకుతుంది. సర్వర్ హాల్ టికెట్ పంపలేదు, తన ఇబ్బంది చెప్పుకునే పేజీని పంపింది, దానికి పీడీఎఫ్ అని పేరు తగిలించింది. సగంలో తెగిపోయిన పీడీఎఫ్‌లు వేరు. వాటి మొదలు బాగానే ఉంటుంది. టెయిల్ కమాండ్‌తో చివరి బైట్లు తీసి హెక్స్‌డంప్‌కి ఇస్తే 25 25 45 4ఎఫ్ 46 కనిపించాలి, అంటే రెండు శాతం గుర్తులు, ఈఓఎఫ్. అది లేకపోతే డౌన్‌లోడ్ పూర్తి కాలేదని దాదాపు ఖాయం, మళ్లీ దింపుకోవాల్సిందే.

తెలుగులో రాసుకునేవాళ్లకి ఇది ఇంకా అవసరం. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అనే మాట 18 బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఆరు గుర్తులు, గుర్తుకి మూడు బైట్లు. త అంటే ఇ0 బి0 ఎ4. మన లిపి మొత్తం ఇ0 బి0, ఇ0 బి1 అనే రెండు మొదళ్ల కిందే ఉంటుంది, రెండు రోజులు చూస్తే కంటికి అలవాటైపోతుంది. హెక్స్‌డంప్ కుడివైపు మాత్రం అన్నీ చుక్కలే వస్తాయి, దానికి ఇంగ్లీష్ అక్షరాలే తెలుసు. ఒక పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు సభ్యుల పేర్లు రెండు జాబితాలుగా తెచ్చారు, ఒకటి ఫోన్‌లో కొట్టింది, ఇంకొకటి ల్యాప్‌టాప్‌లో కొట్టింది. మా మేనల్లుడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి రెండిటినీ పోల్చాడు. లక్ష్మి, సుజాత, వెంకయ్య కలిశాయి. కుమార్, రమేష్, శ్రీనివాస్ ఒక్కటీ కలవలేదు. తెర మీద పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా లేదు. కుమార్ అనే పేరుని రెండు ఫైళ్లలోంచీ తీసి హెక్స్‌లో చూస్తే ఒకదాని చివర ఇ2 80 8సి అని మూడు బైట్లు ఎక్కువ ఉన్నాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ కింద వ వత్తుగా పడకుండా ఆపేది అదే. మాట మధ్యలో దాని అవసరం ఉంది. మాట చివర అక్కర్లేదు, కంటికి కనపడదు కూడా. కొన్ని కీబోర్డులు పొల్లు పెట్టగానే దాన్నీ చేర్చేస్తాయి. పేర్ల చివర ఉన్నవాటిని తీసేశాక జాబితాలు కలిశాయి. ఇవాళ తెలుగు పేర్లతో ఎన్నో జాబితాలు తయారవుతున్నాయి. ఒకే మనిషి రెండు పేర్లుగా నమోదైతే ఎవరూ కళ్లతో చూసి కనిపెట్టలేరు. ఇంగ్లీష్ పేర్లకీ ఇలాంటిది ఉంది. వర్డ్‌లోంచి కాపీ చేస్తే ఒక్కోసారి పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఖాళీ మామూలు 20కి బదులు సి2 ఎ0గా వస్తుంది, సైట్ 'స్పెషల్ క్యారెక్టర్లు వద్దు' అంటుంది. ఖాళీని చెరిపి మళ్లీ చేత్తో కొడితే పోతుంది.

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి పేపర్లలో హెచ్చరికలు చూస్తున్నాం. అనుమానం వస్తే ఫోన్‌లో అసలు నొక్కొద్దు. కంప్యూటర్‌లో చూస్తే అది 50 4బి 03 04 అని మొదలవుతుంది, అంటే జిప్ ఫైలు. వర్డ్ డాక్స్ ఫైలూ అలాగే మొదలవుతుంది కాబట్టి అక్కడితో ఆగకూడదు. ఫైలు చివరి బైట్లలో లోపలి ఫైళ్ల పేర్లు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్, క్లాసెస్ డాట్ డెక్స్ అనే పేర్లు కనిపించాయంటే అది పత్రిక కాదు, మీ ఫోన్‌లోకి దూరాలని వచ్చిన యాప్. అయితే పీడీఎఫ్ అని బైట్లు చెప్పినంత మాత్రాన అది ప్రమాదం లేనిదని కాదు, రకం ఏమిటో మాత్రమే తెలుస్తుంది. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దరఖాస్తుల సైట్లు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. మీ సర్వర్ ఒక ఫైలుని వద్దన్నదంటే అది ఏదో చూసే వద్దంది. చూసిన సంగతి అభ్యర్థికి చెప్పండి. 'మీరు పంపింది హెచ్‌ఈఐసీ ఫొటో, పేరు మారిస్తే జేపీజీ అవదు, ఫోన్ సెట్టింగ్ మార్చి మళ్లీ తీయండి' అని తెలుగులో ఒక వాక్యం చాలు. ఏళ్ల తరబడి చదివిన పిల్లవాడు ఒక్క ఫొటో ఎక్కక ఆఖరి గంటలో దరఖాస్తు పోగొట్టుకోవడం అన్యాయం. కాలేజీల వారిని కోరేది కూడా పెద్ద పనేం కాదు. నంబర్ సిస్టమ్స్ పాఠం అయిపోయిన రోజే పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఎవరి ఫోన్‌లోని ఫొటో వాళ్లనే హెక్స్‌లో చూడమనండి. దాన్ని ప్రాక్టికల్ రికార్డులో రాయించండి. ఆ రోజు నేర్చుకున్నది వాళ్లు మర్చిపోరు, మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో నేను చూస్తున్నాను. రెండోసారి వచ్చినప్పుడు వాళ్లే కూర్చుని కమాండ్ కొట్టుకుంటారు, పక్కవాళ్లకీ చూపిస్తారు.

మీ విద్యా పేజీలో కాస్త చోటిస్తే జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్, వెబ్‌పీ, హెచ్‌ఈఐసీ, జిప్ ఫైళ్ల మొదటి బైట్ల పట్టిక, ఉబుంటులో, విండోస్‌లో కొట్టాల్సిన కమాండ్లు ఒక చిన్న పెట్టెలో పట్టేలా రాసి పంపుతాను. వచ్చే నోటిఫికేషన్‌కి మీరు వేసే జాగ్రత్తల పక్కనే దాన్ని వేయవచ్చు. మా సెంటర్ గోడకి అతికించిన కాగితం అదే, పిల్లలు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్తుంటారు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.